గడిలో ఇమడని మేఘం
ఉరుముల వానను లెక్కించడంలో గడి వెడల్పుకు గల ప్రాధాన్యం

2014 అక్టోబరు 12వ తేదీ మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గంటకు 170 నుండి 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఓడరేవు, ఉక్కు కర్మాగారం, విమానాశ్రయం, కొండవాలు తోటలు అన్నీ దెబ్బతిన్నవి. అయినప్పటికీ ఆ తుపాను ఉత్తరాంధ్ర తీరానికి వస్తున్నదని వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే హెచ్చరించగలిగింది. ఆ హెచ్చరిక మూలంగా వేలాది కుటుంబాలు సురక్షిత స్థలాలకు చేరుకొన్నవి.

2018 ఏప్రిల్ 24వ తేదీన మన రాష్ట్రంలో మరొక విధమైన ఘటన జరిగింది. పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటించింది. పిడుగుపాటుకు పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ దినం ఉరుములతో వాన పడగలదని ముందుగా చెప్పడం సాధ్యమే. ఏ ఊరి మీద, ఏ గంటకు అన్నది ముందురోజు చెప్పడం మాత్రం ఎవరికీ సాధ్యం కాలేదు.

వందల కిలోమీటర్ల విస్తీర్ణం గల తుపాను ఎక్కడికి చేరునో నాలుగు రోజుల ముందు చెప్పగల శాస్త్రం, నాలుగు కిలోమీటర్ల మేఘం రేపు ఎక్కడ పుట్టునో చెప్పలేకపోవడానికి కారణమేమి? ఈ వ్యాసంలో మేము పరిశీలింపదలచిన ప్రశ్న ఇదే. దీని సమాధానంలో అధిక భాగం ఒక చిన్న మాటలో ఇమిడి ఉన్నది. ఆ మాట 'గడి'.

ప్రగాఢ సంవహనం అనగా నేమి?

నేల వేడెక్కినపుడు దానిని ఆనుకొన్న గాలి వేడెక్కి, వ్యాకోచించి, తేలికపడి పైకి లేస్తుంది. దీనిని సంవహనం అంటారు. పైకి లేచే పొడి గాలి ప్రతి కిలోమీటరుకు దాదాపు 9.8 సెంటీగ్రేడు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. గాలిలోని నీటి ఆవిరి సంతృప్త స్థితికి చేరి బిందువులుగా మారడం ప్రారంభించగానే ఈ లెక్క మారుతుంది. ఆవిరి నీరుగా మారేటపుడు గుప్తోష్ణం విడుదల అవుతుంది గనుక, అప్పటినుండి గాలి కిలోమీటరుకు నాలుగు నుండి ఆరు డిగ్రీలు మాత్రమే చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలి అంతకంటె చల్లగా ఉన్నంతవరకు ఈ గాలి పైకి పోతూనే ఉంటుంది. అనుకూల పరిస్థితులలో అది పదిహేను కిలోమీటర్ల ఎత్తు వరకు పోయి, ట్రోపో ఆవరణపు పైకప్పును తాకి, కమ్మరి దాగలి ఆకారంలో పక్కలకు పరచుకొంటుంది. ఇదే క్యుములోనింబస్ మేఘం. ఉరుము, మెరుపు, వడగండ్లు, ఈదురుగాలి, కుండపోత వాన అన్నీ దీని సంతానమే. ఇంత ఎత్తు వరకు సాగే సంవహనాన్ని ప్రగాఢ సంవహనం అంటారు.

దీనిలోని శక్తి ఎంతటిదో ఒక చిన్న లెక్క ద్వారా తెలుసుకొందాం. ఒక చదరపు కిలోమీటరు నేల మీద ఒక సెంటీమీటరు వాన పడిందనుకొందాం. ఆ నీటి బరువు ఒక కోటి కిలోగ్రాములు. ఒక కిలోగ్రాము ఆవిరి నీరుగా మారితే సుమారు 25 లక్షల జౌళ్ళ ఉష్ణం విడుదల అవుతుంది. కాబట్టి ఆ కొద్దిపాటి వాన వెనుక 25 లక్షల కోట్ల జౌళ్ళ శక్తి ఉన్నది. పరవాడ వద్ద గల 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం పూర్తి సామర్థ్యంతో దాదాపు మూడున్నర గంటలు పనిచేస్తే గాని అంత శక్తి ఉత్పత్తి కాదు.

ఇంత శక్తి గల మేఘం వెడల్పు మాత్రం స్వల్పం. బలమైన ఊర్ధ్వ ప్రవాహం ఉండే దాని నడిబొడ్డు సాధారణంగా కొద్ది కిలోమీటర్లకు మించదు. సెకనుకు పది మీటర్ల వేగంతో లేచే గాలి పదిహేను కిలోమీటర్ల ఎత్తు చేరడానికి 25 నిమిషాలు చాలును. అమెరికాలో 1946, 1947 సంవత్సరాలలో ఉరుముల వానలపై విస్తృత పరిశోధన జరిగింది. బయర్స్, బ్రహామ్ అనే శాస్త్రజ్ఞులు దాని ఫలితాలను 1949లో వెలువరించారు. ఒక్కొక్క ఉరుము మేఘ కణానికి పెరుగుదల, ప్రౌఢదశ, క్షీణదశ అని మూడు దశలు ఉన్నవనీ, దాని జీవితకాలం సుమారు ఒక గంట మాత్రమేననీ వారు నిరూపించారు. ఈ రెండు కొలతలను, అంటే కొద్ది కిలోమీటర్ల వెడల్పును, ఒక గంట ఆయుర్దాయాన్ని, పాఠకులు గుర్తుంచుకోవలెను.

లెక్కల ద్వారా వాతావరణం

గాలి చలనం, పీడనం, ఉష్ణోగ్రత, తేమ ఒకదానినొకటి ఎట్లు మార్చుకొంటవో తెలిపే అవకలన సమీకరణాలు భౌతికశాస్త్రంలో ఉన్నవి. నేటి స్థితి తెలిసిన యెడల ఈ సమీకరణాలను సాధించి రేపటి స్థితిని చెప్పవచ్చునని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ భావించాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్సులో అంబులెన్సు దళంలో పనిచేస్తూనే ఆయన 1910 మే 20వ తేదీకి సంబంధించిన ఆరు గంటల వాతావరణాన్ని చేతితో లెక్కించాడు. ఆరు గంటలలో పీడనం 145 మిల్లీబార్లు పెరుగునని ఆ లెక్క చెప్పింది. వాస్తవంలో పీడనం ఇంచుమించు మారనే లేదు. ఫలితం తప్పయినా ఆయన మార్గం సరియైనది. ఆ మార్గాన్ని వివరించే గ్రంథాన్ని ఆయన 1922లో ప్రచురించాడు.

1950లో చార్నీ, ఫ్యోర్‌టాఫ్ట్, ఫాన్ నాయ్‌మన్ అనువారు ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ యంత్రం మీద మొదటిసారిగా ఇరవైనాలుగు గంటల సూచనను లెక్కగట్టారు. ఆ లెక్క పూర్తి కావడానికి కూడా ఇంచుమించు ఇరవైనాలుగు గంటలే పట్టింది. వారు తీసుకొన్న బిందువుల మధ్య దూరం 736 కిలోమీటర్లు. విశాఖపట్నానికి, చెన్నైకి మధ్య గల ఆకాశమార్గ దూరం కంటె అది ఎక్కువ. అంటే కోస్తా ఆంధ్ర తీరంలో అధిక భాగం వారి లెక్కలో రెండు బిందువుల నడుమనే ఇరుక్కుపోయి ఉండేది.

వల కన్ను, చేప పరిమాణం

యంత్రం వాతావరణాన్ని అవిచ్ఛిన్నంగా చూడలేదు. భూమిని గడులుగా విభజించి, ఆ గడుల మీద అంతస్తులు పేర్చి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క ఉష్ణోగ్రత, ఒక్కొక్క గాలి వేగం, ఒక్కొక్క తేమ విలువ ఇస్తాము. ఆ విలువ గడి అంతటికీ సగటు. ఈ గడి వెడల్పే నమూనా యొక్క పృథక్కరణ సామర్థ్యాన్ని నిర్ణయిస్తుంది.

భీమునిపట్నం జాలరులకు ఈ సూత్రం తెలియనిది కాదు. వల కన్ను ఎంత పెద్దదో అంతకంటె చిన్న చేప దానిలో నిలువదు. వాతావరణ నమూనా కూడా ఒక వలయే. నిజానికి దాని కన్ను మనము అనుకొన్నదాని కంటె పెద్దది. ఒక ఆకృతిని నమ్మదగిన రీతిలో చిత్రించడానికి ఒక్క గడి చాలదు, దాదాపు ఏడు గడులు కావలెనని స్కామరాక్ 2004లో చూపాడు. దానిని బట్టి 12 కిలోమీటర్ల గడి గల నమూనా ఎనభై కిలోమీటర్ల పైబడిన ఆకృతులనే చక్కగా చూపగలదు. 3 కిలోమీటర్ల గడి గలది ఇరవై కిలోమీటర్ల వరకు దిగగలదు.

మన జిల్లానే ఉదాహరణగా తీసుకొందాం. 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన పిదప విశాఖపట్నం జిల్లా విస్తీర్ణం సుమారు 1,050 చదరపు కిలోమీటర్లు. 12 కిలోమీటర్ల గడి అయితే జిల్లా మొత్తానికి ఏడు గడులు వస్తవి. 6 కిలోమీటర్లదయితే ఇరవై తొమ్మిది. 3 కిలోమీటర్లదయితే నూట పదిహేడు. ఒక కిలోమీటరుదయితే 1,050. నూరు మీటర్లదయితే 1,05,000. జిల్లాకు ఏడు గడులు మాత్రమే ఉన్నపుడు ఆనందపురం పూలతోటలు, దక్షిణాన గల సింహాచలం కొండలు, సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్ర తీరం ఒకే గడిలో కలిసిపోగలవు. నేల, నీరు, కొండ అన్నింటికి సగటు తీసిన ఒక కల్పిత ప్రదేశం ఏర్పడుతుంది. వేసవి మధ్యాహ్నం సముద్ర పవనం లోనికి చొచ్చుకొని వచ్చి వేడి పడమటి గాలిని ఢీకొనే సన్నని రేఖ మీదనే మన ప్రాంతంలో ఉరుము మేఘాలు తరచుగా లేస్తవి. ఆ రేఖ ఆ గడిలో కనిపించదు.

సగటు చేసే మోసాన్ని మరొక లెక్క చూపుతుంది. మూడు కిలోమీటర్ల పొడవు, మూడు కిలోమీటర్ల వెడల్పు గల ప్రదేశంలో 64 మిల్లీమీటర్ల వాన కురిసిందనుకొందాం. పొలాల గట్లు తెగడానికి ఆ వాన చాలును. 12 కిలోమీటర్ల గడి విస్తీర్ణం 144 చదరపు కిలోమీటర్లు. తడిసినది అందులో తొమ్మిది మాత్రమే. గడి సగటు వాన 4 మిల్లీమీటర్లు. నమూనా సరిగానే లెక్కించినా సూచనలో కనిపించేది ఒక చిరుజల్లు. రైతు చూచినది వరద. ఇద్దరూ తమ తమ కొలతలలో నిజమే చెబుతున్నారు.

కనిపించని మేఘాన్ని లెక్కలోనికి తేవడం

గడిలో ఇమడని మేఘాన్ని విడిచిపెట్టుదామా అంటే వీలు లేదు. నేల దగ్గరి వేడిని, తేమను ట్రోపో ఆవరణం పైభాగానికి మోసుకొని పోయేది ఈ మేఘాలే. 1958లో రీల్, మాల్కస్ అనువారు వీటిని 'ఉష్ణ గోపురాలు' అని పేర్కొన్నారు. ఉష్ణమండలంలోని శక్తి పైకి చేరడానికి ఏకకాలంలో 1,500 నుండి 5,000 వరకు ఇట్టి గోపురాలు చాలునని వారు అంచనా వేశారు. వీటిని లెక్కనుండి తొలగిస్తే రుతుపవనాలే తప్పిపోతవి.

అందుచేత శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పన్నారు. గడిలోని సగటు ఉష్ణోగ్రత, తేమ, గాలి చూచి, ఇట్టి పరిస్థితిలో ఎన్ని మేఘాలు లేచును, అవి ఎంత వేడిని పైకి చేర్చును, ఎంత వాన కురిపించును అని సూత్రాల ద్వారా ఊహిస్తారు. దీనికి పరామితీకరణం అని పేరు. కువో 1965లోను, 1974లోను ప్రతిపాదించిన పద్ధతి, అరకావా, షూబర్ట్ అనువారు 1974లో ప్రతిపాదించిన పద్ధతి ఈ రంగంలో ప్రసిద్ధి చెందినవి. ప్రతి ఓటరునూ అడగకుండా ఒక వార్డు మొగ్గును అంచనా కట్టడం వంటిది ఈ పని. వార్డు పెద్దదై జనం ఎక్కువగా ఉన్నపుడు అంచనా నమ్మదగినదిగా ఉంటుంది.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. పరామితీకరణం గల నమూనాలలో వాన అవసరమైనదానికంటె తరచుగా, తక్కువ మోతాదులో పడుతుంది. నేల మీద నిజమైన ఉరుముల వాన సాయంకాలం వస్తుండగా నమూనాలో అది మధ్యాహ్నానికే వచ్చి పోతుంది. ఉరుముల వాన తాను పుట్టించిన చల్లని అధోప్రవాహంతో పక్కన మరొక మేఘాన్ని లేపుతూ వరుస కట్టి ప్రయాణిస్తుంది. సామాన్య పరామితీకరణంలో ఒక గడిలోని మేఘానికి పొరుగు గడి సంగతి పట్టదు గనుక ఈ ప్రయాణం సరిగా రాదు.

బూడిద మండలం

గడిని చిన్నది చేసుకొంటూ పోతే సమస్య తీరునని తోచవచ్చును. కాని మధ్యదారిలో ఒక చిక్కు ఉన్నది. పరామితీకరణం నిలిచేది ఒక ఊహ మీద. ఒక్కొక్క గడిలో అనేక మేఘాలు ఉండవలెను, అవి అన్నీ కలిసి గడిలో స్వల్ప భాగాన్ని మాత్రమే ఆక్రమించవలెను. గడి వెడల్పు అయిదు కిలోమీటర్లకు దిగినపుడు ఒకే మేఘం గడినంతటినీ నింపివేయగలదు. అప్పుడు 'అనేక మేఘాల సగటు' అనే మాటకు అర్థం ఉండదు. అట్లని అయిదు కిలోమీటర్ల గడి మేఘాన్ని స్వయంగా చిత్రించగలదా అంటే అంత సన్ననిదీ కాదు. సూత్రం కొంత వాన కురిపించగా, సమీకరణాలు స్వయంగా కొంత కురిపించి, ఒకే మేఘాన్ని రెండుసార్లు లెక్కించే ప్రమాదం ఏర్పడుతుంది.

దాదాపు ఒక కిలోమీటరుకు, పది కిలోమీటర్లకు మధ్య గల ఈ సంధి ప్రదేశాన్ని శాస్త్రజ్ఞులు 'బూడిద మండలం' అంటారు. తెలుపూ కాదు, నలుపూ కాదు అని అర్థం. ఈ చిక్కును పరిష్కరించుటకు, గడి చిన్నదవుతున్న కొలది తమ పాత్రను తామే తగ్గించుకొనే సూత్రాలను ఇటీవల రూపొందించారు. 2013లో అరకావా, వూ అనువారు చేసిన ప్రతిపాదన వాటిలో ముఖ్యమైనది.

మేఘాన్ని మేఘంగా చూచుట

నాలుగు, మూడు కిలోమీటర్ల గడులకు వచ్చునప్పటికి పలు కేంద్రాలలో ప్రగాఢ సంవహనానికి పరామితీకరణాన్ని తొలగించి, మేఘాన్ని సమీకరణాలకే విడిచిపెడుతున్నారు. ఇట్టి లెక్కలో నిలువు గాలి త్వరణాన్ని కూడా గణించవలసి ఉన్నది. పెద్ద గడుల కాలంలో గాలి బరువు, పీడన భేదం ఎల్లప్పుడూ సమతూకంలో ఉండునని భావించి నిలువు త్వరణాన్ని విడిచిపెట్టేవారు. ఉరుము మేఘంలో ఆ భావన నిలువదు.

ఎంత సన్నని గడి చాలును? ఈ విషయమై నాలుగు మెట్లుగా ఫలితాలు లభించినవి. మొదటిది, వైజ్‌మన్, స్కామరాక్, క్లెంప్ అనువారు 1997లో చేసిన పరిశోధన. వరుస కట్టి సాగే ఉరుముల వానల స్థూల స్వరూపాన్ని 4 కిలోమీటర్ల గడి కూడా చాలినంతగా చూపగలదని వారు కనుగొన్నారు. అయితే గడి మోటుగా ఉన్న కొలది ఆ వరుస రూపొందడానికి ఆలస్యమవుతుంది. వానతో కిందికి దిగి పరచుకొనే చల్లని గాలి లెక్కలో ఆలస్యంగా బలపడడమే దీనికి ప్రధాన కారణం.

రెండవది, 2003లో బ్రయన్, విన్‌గార్డ్, ఫ్రిచ్ అనువారి పరిశోధన. వారు గడిని ఒక కిలోమీటరు నుండి 125 మీటర్ల వరకు తగ్గించి చూచారు. ఒక కిలోమీటరు గడిలో ఊర్ధ్వ ప్రవాహం గొట్టంలో నుండి లేచినట్లు నున్నగా లేస్తుంది. గడి సన్నబడగా అదే ప్రవాహం సుడులు సుడులుగా విడిపోయి పరిసరాల పొడి గాలిని తనలో కలుపుకొంటుంది. మేఘ బలాన్ని, వాన మొత్తాన్ని ఈ కలయిక మార్చివేస్తుంది. మేఘంలోని సంక్షోభాన్ని సక్రమంగా చూపుటకు నూరు మీటర్ల ప్రమాణంలో గడి కావలెనని వారి నిర్ణయం.

మూడవది, 2013లో జపానులోని 'కె' అనే సూపర్ కంప్యూటరు మీద మియామోటో బృందం చేసిన లెక్క. వారు భూగోళమంతటినీ 870 మీటర్ల గడులుగా విభజించారు. గడి సుమారు రెండు కిలోమీటర్ల కంటె చిన్నదైనపుడే ఒక మేఘపు నడిబొడ్డు ఒక గడికి పరిమితం కాక పలు గడులపై వ్యాపించి, మేఘంగా రూపు కడుతున్నదని వారు చూపారు.

నాలుగవది ఈ మూడింటి సారాంశం. 'చాలినంత' అనే మాటకు అర్థం ప్రశ్నను బట్టి మారుతుంది. వాన వరుస ఎటు పోవునని అడిగితే నాలుగు కిలోమీటర్లు చాలవచ్చును. మేఘం నిజమైన మేఘంగా ఉండవలెనంటే రెండు కిలోమీటర్లకు దిగవలెను. మేఘం లోపలి సుడులు కావలెనంటే నూరు మీటర్లు కావలెను.

సన్నదనానికి చెల్లించే వెల

గడి వెడల్పును సగానికి తగ్గిస్తే గడుల సంఖ్య నాలుగింతలవుతుంది. అంతటితో ఆగదు. ఒక కాలపు అడుగులో గాలి గాని, తరంగం గాని ఒక గడిని మించి దూకిపోతే లెక్క చెడిపోవునని కూరాంట్, ఫ్రిడ్రిక్స్, లెవీ అనువారు 1928లోనే చూపారు. కనుక కాలపు అడుగు కూడా సగానికి తగ్గవలెను. మొత్తం శ్రమ ఎనిమిదింతలు. అంతస్తులను కూడా రెట్టింపు చేస్తే పదహారింతలు. 12 కిలోమీటర్ల నుండి 3 కిలోమీటర్లకు దిగుటకు అంతస్తులు పెంచకపోయినా అరవైనాలుగింతల శ్రమ కావలెను. రేపటి సూచన ఎల్లుండి తయారైతే ప్రయోజనం లేదు గనుక ఈ శ్రమను యంత్ర బలంతోనే జయించవలెను.

ఈ ప్రయత్నంలో మన దేశం వెనుకబడలేదు. జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం 1988లో ఏర్పడింది. 1989లో ఢిల్లీలో క్రే ఎక్స్-ఎంపి సూపర్ కంప్యూటరును నెలకొల్పారు. 2018లో 12 కిలోమీటర్ల గడితో సమూహ సూచన విధానం వాడుకలోనికి వచ్చింది. 2025 మే 26వ తేదీన 6 కిలోమీటర్ల గడి గల 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' ప్రారంభమైంది. పూణేలోని ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ దీనిని రూపొందించింది. ఆరు కిలోమీటర్లు బూడిద మండలం నడుమనే ఉన్నవని పాఠకులు గ్రహించియే ఉందురు. సాధించినది ఘనమైనదే, సాధించవలసినది ఇంకను ఉన్నది.

హుద్‌హుద్ నేర్పిన భేదం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చును. హుద్‌హుద్ అనగా అరబ్బీలో, ఉర్దూలో కూకుడుగువ్వ. తుపానుకు ఈ పేరు ఒమన్ దేశం సూచించింది. తుపాను ప్రయాణ మార్గాన్ని నిర్ణయించేది దాని చుట్టూ వేల కిలోమీటర్ల మేర వ్యాపించిన గాలుల ప్రవాహం. ఏటి ప్రవాహంలో కొట్టుకొని పోయే దుంగ వలె తుపాను ఆ గాలులలో కొట్టుకొని పోతుంది. అంతటి ప్రవాహాన్ని మోటు గడి కూడా చక్కగా పట్టుకొంటుంది. అందువలననే మార్గ సూచన గత దశాబ్దాలలో ఎంతో మెరుగుపడింది.

తుపాను బలం సంగతి వేరు. దానిని నిర్ణయించేది కంటిగోడ చుట్టూ నిలిచిన ఉష్ణ గోపురాలు. అవి మోటు గడిలో కనిపించవు గనుక బల సూచన కష్టతరమైనది. ఈ కారణం చేతనే తుపాను నమూనాలలో గడులను ఒకదానిలో ఒకటి పొదిగి వాడుతారు. మన వాతావరణ శాఖ వాడిన తుపాను నమూనాలలో ఒకదానిలో వెలుపల 18 కిలోమీటర్ల గడులు, వాని లోపల 6 కిలోమీటర్లవి, తుపాను గర్భం మీద 2 కిలోమీటర్లవి ఉండేవి. లోపలి వల తుపానుతో పాటు కదులుతుంది.

వేసవి ఉరుముల వానకు నడిపించే పెద్ద ప్రవాహం, తీరం దాటే మార్గం అంటూ ఏమీ లేవు. అది ఆదినుండి అంతం వరకు చిన్న గడి విషయమే. ఒక తుపానును గుర్తించిన శాస్త్రం ఒక మేఘం దగ్గర తడబడుటకు ఇదియే కారణం.

గడి ఒక్కటే చాలదు

గడిని ఎంత సన్నగా చేసినా ఒక అడ్డంకి మిగిలి ఉంటుంది. ప్రారంభ స్థితిలోని అతి స్వల్ప దోషం కాలక్రమేణ పెరిగి సూచనను ముంచివేయునని ఎడ్వర్డ్ లొరెంజ్ 1963లో చూపాడు. ఆకృతి ఎంత చిన్నదో దానిలోని దోషం అంత వేగంగా పెరుగునని 1969లో ఆయనే వివరించాడు. ఒక గంట మాత్రమే జీవించే మేఘం విషయంలో దోషం కూడా గంటలలోనే పెరుగుతుంది. పైగా రెండు కిలోమీటర్ల గడికి రెండు కిలోమీటర్లకొక కొలత ఉండవలెను గదా! అంతటి దట్టమైన కొలతలు భూమి మీద ఎక్కడా లేవు. డాప్లర్ రాడార్లు, ఉపగ్రహాలు ఈ లోటును కొంతవరకు తీరుస్తున్నవి. విశాఖపట్నంలోని రాడార్ సమాచారం, పిడుగులను గుర్తించే సాధనాల సమాచారం కలిపి రెండు మూడు గంటల ముందు హెచ్చరిక ఇవ్వడం నేడు సాధ్యమవుతున్నది.

మిగిలిన అనిశ్చితిని దాచకుండా కొలిచి చెప్పడం మరొక మార్గం. కొద్దిపాటి తేడాలతో ఒకే సూచనను అనేకసార్లు లెక్కించి, వానిలో ఎన్నింటికి వాన వచ్చినదో చూచి సంభావ్యతను చెప్పడమే సమూహ సూచన. ఉష్ణమండల సూచన రంగంలో అగ్రగణ్యుడైన తిరువలం నటరాజన్ కృష్ణమూర్తి ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో 1953లో ఎం.ఎస్సీ. పట్టం పొందిన వ్యక్తి. ఆయన అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, అనేక నమూనాల సూచనలను వాని పూర్వపు తప్పొప్పులను బట్టి తూకం వేసి కలిపే 'సూపర్ సమూహ' పద్ధతిని 1999లో తన సహచరులతో కలిసి ప్రతిపాదించాడు. వాల్తేరు తరగతి గదులలో చదివిన విద్యార్థి ప్రపంచానికి అందించిన కానుక అది. 2018లో ఆయన స్వర్గస్తులయ్యారు.

ఆనందపురానికి దీనితో పనియేమి?

మా ఆనందపురం మండలంలో మల్లెలు, చామంతులు, బంతిపూలు పండించి పూలసంతకు తెచ్చే కుటుంబాలు అనేకం. వారికి ఒక సాయంకాలపు వడగళ్ళ వాన ఒక పంట నష్టం. పొలంలో నిలిచిన మనిషికి పిడుగు ప్రాణాంతకం. కనుక సూచనలోని భాషను అర్థం చేసుకోవడం మనందరికీ అవసరం. వాతావరణ శాఖ 'ఒకటి రెండు చోట్ల' అన్నపుడు కేంద్రాలలో నాలుగవ వంతుకు మించకుండా వాన పడునని భావం. 'కొన్ని చోట్ల' అనగా సగం వరకు. 'చాలా చోట్ల' అనగా మూడు వంతుల వరకు. 'దాదాపు అన్ని చోట్ల' అనగా అంతకు మించి. ఒకటి రెండు చోట్ల అని చెప్పగా మన ఊరిలో పడకపోతే సూచన తప్పిందని నవ్వడం న్యాయం కాదు. గడి చెప్పగలిగినంత మాత్రమే అది చెప్పింది.

గడి చెప్పలేనిది మన చెవి చెప్పగలదు. మెరుపు కనిపించిన పిదప ఉరుము వినిపించే వరకు సెకన్లు లెక్కించి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడినదో తెలుస్తుంది. ముప్పై సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే అది పది కిలోమీటర్ల లోపలనే ఉన్నది. వెంటనే చెట్టు కిందకు గాక పక్కా ఇంటిలోనికి పోవలెను. చివరి ఉరుము విన్న తరువాత అరగంట వరకు వెలుపలికి రాకూడదు. పూణే సంస్థ రూపొందించిన 'దామిని' అనే మొబైల్ అనువర్తనం కూడా సమీపంలోని పిడుగుల సంగతి తెలుపుతుంది. ఈ నాలుగు మాటలు ప్రతి విద్యార్థీ తన ఇంటికి మోసుకొని పోవలెనని మా కోరిక.

అరబ్బీలోని 'మౌసిమ్' అనే మాట నుండే ఉర్దూ 'మౌసమ్' వచ్చింది, ఐరోపా భాషలలోని 'మాన్సూన్' వచ్చింది. రుతువును కనిపెట్టి, గుర్తు పెట్టుకొన్నందువలన పుట్టిన మాట అది. కనిపెట్టడం, రాసి ఉంచడం నేటికీ శాస్త్రానికి మొదటి మెట్టు. కళాశాల కమిటీ వారికి మేము ఒక విన్నపం చేస్తున్నాము. ఆవరణలో చెట్లకు, గోడలకు దూరంగా ఒక వర్షమాపకాన్ని నిలిపి, ప్రతిదినం ఉదయం ఎనిమిదిన్నర గంటలకు కొలత తీసేందుకు ఇద్దరు విద్యార్థులను నియమించవలెను. వాన కొలతతో పాటు మొదటి ఉరుము వినిపించిన వేళ, వాన మొదలైన వేళ, అంతకు ముందు గాలి ఏ దిక్కు నుండి వీచినది అన్న మూడు సంగతులు ఒక పుస్తకంలో రాయవలెను. దీనికి పెద్ద ఖర్చు లేదు, పెద్ద యంత్రం అక్కరలేదు. ఆరు కిలోమీటర్ల గడి తన లోపల ఏమి జరిగినదో తాను చెప్పలేదు. పది సంవత్సరాలు శ్రద్ధగా రాసిన ఆ పుస్తకం మాత్రం చెప్పగలదు. రేపు ఎవరైనా విద్యార్థి ఉన్నత చదువులకు పోయి, ఆనాటి సన్నని గడి సూచనను దీనితో సరిపోల్చి చూచిన దినాన ఈ కళాశాల కూడా ఆ శాస్త్రంలో తన వంతు చెల్లించినదవుతుంది.